ఇంటికి తిరిగి రాకూడని సంచి

తమ్ముడి మూడు సంచులు మంచం మీద వరసగా పెట్టి ఉన్నాయి. మూడూ చిన్నవే, వీపుకు తగిలించుకునేవి. ఒకటి ఆఫీసుది, ఒకటి ఊళ్లకు పోయేటప్పటిది, ఒకటి కొండలెక్కేటప్పటిది. వాటిలో ఒకదానిలో అతని అస్థికల కుండ పెట్టుకుని మరునాడు పొద్దున శ్రీరంగపట్నం పోవాలి. కుండ మోసిన సంచి మళ్లీ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని మా మేనత్త చెప్పింది. అంటే మూడింటిలో ఒకటి పోతుంది. ఏది పోవాలన్నది ఆ ఇంట్లో ఆ రోజు తేలవలసిన విషయం.

మాది హిందూపురం వైపు నుంచి తాతల కాలంలో బెంగళూరు వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. అమ్మానాన్నలు పోయాక మాకు మిగిలిన పెద్దదిక్కు మేనత్తే. ఇలాంటి సమయాల్లో ఏది చేయాలో, ఏది చేయకూడదో ఆమెనే అడుగుతాం. నచ్చకపోయినా వింటాం.

"కుండను నేల మింద పెట్టకూడదు," అంది ఆమె, గోడకు ఆనుకుని కూర్చుని. "ఒగరి ఇంట్లేకి తీసుకపోకూడదు. దాన్ని మోసింది గుడ్డయినా సంచైనా ఏటికాడనే ఇడ్సిపెట్టి రావల్ల. వచ్చేటప్పుడు తిరిగి చూడకూడదు. మీ తాతకి అట్లే చేసిరి, మీ నాయనకీ అట్లే చేసిరి."

అన్న తమ్ముడికి కర్మ చేయకూడదని కూడా ఆమే చెప్పింది. తమ్ముడికి కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, ఈ మధ్యే చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. శ్మశానంలో చేయవలసినవన్నీ ఆమే చేసింది. కుండ కూడా ఆమే మోయాలి.

ముందు కారులో పోదామనుకున్నాం. పక్క వీధిలో కారు నడిపే అతను వస్తానన్నాడు కానీ, కుండ మాత్రం డిక్కీలో పెట్టాలన్నాడు. మధ్యాహ్నం వేరే బాడుగ ఉంది, ఆ సీట్లో కుండ ఉండిందని తెలిస్తే వాళ్లు ఎక్కరు. అతని ఇబ్బంది అతనిది. "మా నాన్నను డిక్కీలో పెట్టను," అంది అమ్మాయి. దాంతో రైలు ఖాయమైంది. ఎర్రగుడ్డ కట్టిన కుండను రైల్లో ఒళ్లో పెట్టుకుంటే ఎదుటివాళ్లు లేచిపోతారు. చేతిసంచి అయితే ఎక్కడో ఒకచోట కింద పెట్టక తప్పదు. వీపుసంచిని ఎద మీదికి తగిలించుకుంటే ఆ బాధ లేదు. నేల తగలదు, రెండు చేతులూ దాని చుట్టూ ఉంటాయి.

సంచుల గురించి ఇంత ఆలోచించడం తమ్ముడి పద్ధతి. ఇప్పుడు అతని కోసం ఆ పని మేము చేస్తున్నాం.

అతను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో స్టోర్స్ చూసేవాడు. ఇల్లు చందాపురలో. చిన్న సంచి కొనడం అతనికి పెళ్లి సంబంధం చూసినంత పని. అంగడికి పోయేటప్పుడు తన టిఫిన్ డబ్బా, గొడుగు, ఒక జత బట్టలు వెంట తీసుకుపోయేవాడు. చూపించిన ప్రతి సంచిలోనూ వాటిని సర్ది, తగిలించుకుని అంగట్లోనే అటూ ఇటూ నడిచేవాడు. లోపలి పక్క బయటకు తిప్పి కుట్టు చూసేవాడు. అంగడివాడు విసుక్కున్నా పట్టించుకునేవాడు కాదు.

నాకు పత్రికలో పని చేసినన్నాళ్లూ ఒకటే గుడ్డసంచి. పేపర్లు, గొడుగు, అరటిపళ్లు, అన్నీ దాంట్లోనే. తమ్ముడు దాన్ని చూసి నవ్వేవాడు. "అన్నా, సంచి చూస్తే మనిషి యాడికి పోతాండాడో తెలియల్ల. నిన్ను చూస్తే మంత్రి మీటింగుకు పోతాండావో, కొత్తిమీరకు పోతాండావో తెలీదు," అనేవాడు.

మంచం మీది మూడూ అతను అలా ఎంచినవే. ఊళ్ల సంచి పెట్టెలాగా మూడు వైపులా జిప్ తీస్తే పరుపులా పరుచుకుంటుంది. బట్టలన్నీ ఒక్కసారి కనబడాలి, చీకట్లో వెతుక్కోకూడదు అని అతని లెక్క. కొండల సంచి నోరు పైన, తాడు లాగితే ముడుచుకుంటుంది. ఎదకొక పట్టీ, నడుముకొక పట్టీ, చెమట పట్టకుండా వీపు దగ్గర వల. అమ్మాయికి నడక గట్టిపడిన దగ్గర నుంచీ సావనదుర్గ, స్కందగిరి, ఎక్కడికైనా ఇద్దరూ ఆ ఒక్క సంచితోనే పోయారు. అలిసినప్పుడు ఆమె నీళ్లసీసా, స్వెటరు, కొన్నిసార్లు బూట్లు కూడా అందులోకి పోయేవి. పెద్దయ్యాక ఆమే మోసింది. పట్టీలు ఇప్పుడు ఆమె కొలతకే ఉన్నాయి.

ఆఫీసు సంచి బూడిదరంగుది. లోపల లాప్‌టాప్ కోసం మెత్త పెట్టి కుట్టిన అర. తమ్ముడికి లాప్‌టాప్ లేదు. ఆ అరలో టిఫిన్ డబ్బా పెడితే కదలదని అది కొన్నాడు. దాని జిప్ ఎప్పుడో పాడయింది. పై నుంచి లాగితే పళ్లు విడిపోయి నోరు తెరుచుకునేది. కింది కొస నుంచి మొదలుపెట్టి, రెండు వేళ్లతో అంచులు దగ్గరకు నొక్కి పట్టుకుని మెల్లగా లాగాలి. పొద్దున గడపలో ఒక కాలు మెట్టు మీద పెట్టి, సంచిని తొడ మీద ఆనించి అతను చేసే ఆఖరి పని అదే.

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, జాకెట్లు కుడుతుంది. ఇంట్లోనే మిషను. "ఒగ రోజు సంచి ఇంట్లో పెట్టిపోండి, జిప్పు మారుస్తా," అని ఎన్నిసార్లు అందో. "రేపు," అనేవాడు. ఆదివారం కూడా దాన్ని తగిలించుకుని కూరగాయలకు పోయేవాడు.

తమ్ముడు పోయిన రోజు, బస్సు దిగి కంపెనీ గేటు వైపు నడుస్తూ కూలబడ్డాడు. సంచి వీపునే ఉంది. సాయంత్రం తోటి ఉద్యోగి ఒకాయన దాన్ని తెచ్చి ఇచ్చాడు. మా మరదలు అందులోంచి డబ్బా తీసి, అన్నం బయట పెట్టి, డబ్బా కడిగి బోర్లించింది. సంచిని తలుపు వెనక ఎప్పటి మేకుకే తగిలించింది. తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు. మంచం మీదికి తెచ్చింది మేనత్తే, మూడూ ఒకచోట ఉండాలని.

కుండ శ్మశానంలోనే ఉంది. అక్కడ ఒక గదిలో అరల మీద అలాంటి కుండలు వరసగా పెడతారు. ఇంటికి తెచ్చి సంచిలో పట్టించి చూడడానికి లేదు. అమ్మాయి తన చున్నీని కుండ చుట్టూ తిప్పి, చుట్టుకొలత దగ్గర ముడి వేసుకుని వచ్చింది. ఆ ముడికి సరిపోయే గిన్నె కోసం వంటింట్లో వెతికితే మా అమ్మ ప్రయాణాలకు తీసుకుపోయే పాత మరచెంబు సరిపోయింది.

"నీళ్లు తాగే చెంబు గదే అది," అంది మేనత్త. "దాంతో కొలత యేంది?"

"కుండను ఇంట్లేకి తేకూడదంటివి గదవ్వా. ఇంకేంతో కొలిసేది?"

మేనత్త చెంబును ఒకసారి తిప్పి చూసింది. "సరే కొల్చుకోండి. ఆమింద చింతపండేసి తోమేయండి."

ఊళ్ల సంచిలో చెంబు నిలబడలేదు. జిప్ మూయాలంటే పడుకోబెట్టాలి. పడుకోబెడితే మూతిగుడ్డ మీద బరువు పడుతుంది. "మీ నాన్నకి పడుకుని ప్రయాణం చేసే అలవాటు లేదు," అన్నాను. అమ్మాయి నవ్వింది, తర్వాత ముఖం తిప్పుకుంది. ఆఫీసు సంచిలో ఆ మెత్తటి అర అడ్డం వచ్చింది. చెంబు సగం దిగి ఆగిపోయింది. కొండల సంచిలో మాత్రం కొలిచి కుట్టినట్టు కూర్చుంది. తాడు లాగితే నోరు మూసుకుంది. ఎద పట్టీ బిగిస్తే అడుగు కదలలేదు.

అమ్మాయి చెంబు బయటికి తీసి సంచిని ఒళ్లో పెట్టుకుంది.

"దీన్ని అక్కడ వదిలి రావాల్నా అవ్వా?"

"వదిలి రావల్ల పాపా."

"కడిగి తెచ్చుకుంటే?"

"కడిగితే పోయేది కాదు అది."

మా మరదలు మిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు.

నేను లేచాను. కొత్తది కొనుక్కొస్తే ఏ సంచీ పోదు కదా అని నాకు తోచిన ఉపాయం. పత్రికలో ఇచ్చిన జాగాలో వార్త పట్టించడమే నేను ఉద్యోగమంతా చేసిన పని. ఇదీ అలాంటిదే అనుకున్నాను. మేనత్త కూడా, "కొత్తదైతే మేలే," అంది.

బళేపేటలో గాజుల అంగళ్ల మధ్య సంచుల అంగడి ఒకటి నాకు తెలుసు. యజమానిది మదనపల్లె వైపు. గిరాకీని బట్టి ఏ భాషయినా మాట్లాడతాడు. నా తెలుగు విని తెలుగులోకి దిగాడు.

"చెప్పండి సార్. ట్రావెలా, ట్రెక్కింగా, డెయిలీ ఆఫీసుకా?"

"ఒక రోజు పనికి."

"ఒగ రోజుకి బ్యాగు కొంటారా యెవురన్నా? పక్కింట్లో అడిగి తెచ్చుకోండి సార్. నా యాపారం నేనే పోగొట్టుకుంటాండా చూడండి." పైన వేలాడే వాటిలోంచి రెండు దించాడు. "ఇది ఆఫీసుది, రెయిన్ కవర్ ఉండాది. ఇది ట్రెక్కింగుది, నీళ్ల పైపు పెట్టుకునేకి జాగా ఉండాది. మీకు ట్రెక్కింగ్ వద్దులే. లోపల యేం పెడతారు?"

"గుండ్రంగా ఉంటుంది. పగిలేది. ఒరగకూడదు."

"కుక్కరా?"

"మట్టిది."

అతను నా ముఖం చూశాడు. గడ్డం గీసుకోలేదు నేను. చేతిలోవి రెండూ గల్లా మీద పెట్టేశాడు.

"యెవురు సార్?"

"తమ్ముడు."

అతను లోపలికి పోయి అరల అడుగునుంచి నల్లది ఒకటి తెచ్చాడు. బొమ్మలు లేవు, పట్టీల మీద రాతలు లేవు. లోపల కుక్కిన కాగితాలు తీసేసి, పిడికిలి పెట్టి అడుగు నొక్కి చూపించాడు. "ఇది నిలబడతాది సార్." వేలాడుతున్న చీటీని తనే కత్తిరించి ఇచ్చాడు. అంగడి మెట్లు దిగే ప్రతి గిరాకీతోనూ "మళ్లా రండి" అనే మనిషి. నాతో అనలేదు. నమస్కారం పెట్టాడు, అంతే.

చందాపుర చేరేసరికి దీపాలు పెట్టారు. కొత్త సంచి నిజంగానే నిలబడింది. చెంబు అందులో ఒదిగింది. అమ్మాయి ముఖం తేలికపడింది. కొండల సంచిని తీసుకుపోయి తన గదిలో పెట్టుకుంది. ఇక తేలిపోయిందని నేను కాళ్లు చాపుకున్నాను.

అప్పుడు మా మరదలు మిషను దగ్గర నుంచి మాట్లాడింది.

"బావా, మీరు తెచ్చింది బాగుండాది. కానీ ఆయన తనకు తాను ఎంచని సంచి ఎప్పుడన్నా తగిలిచ్చుకున్నాడా? ఒకసారి నేను తెస్తే కుట్టు చూసి, పట్టీ చూసి, మర్నాడే మార్చుకుని వచ్చినాడు. ఇది చూస్తే మీతో ఇప్పుడే బళేపేటకి బయలుదేరేవాడు."

మేనత్తకు నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో చివరికి నాకు తెలియలేదు.

"ఆయన దినామూ దేంతో పోయినాడో దాంతోనే పోనీ," అంది మరదలు. లేచి వచ్చి మంచం మీది ఆఫీసు సంచి తీసుకుంది.

అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, అది నీకు వద్దా?"

"కావల్ల. నాకు కావల్సింది కాబట్టే ఇస్తాండా. నీది తీసి ఇచ్చేకి నాకు చేతులు రావు. కొత్తది ఇస్తే యేమిచ్చినట్ల?"

"అందులో పట్టదు కదమ్మా."

మరదలు సంచి లోపలి పక్క బయటకు తిప్పింది, తమ్ముడు అంగట్లో తిప్పినట్టే. జాకెట్లు కత్తిరించే కత్తెరతో ఆ మెత్తటి అర కుట్లను ఒక్కొక్కటే తెంచింది. గట్టి దారం. తొందరపడలేదు. అర ముక్కగా విడివడి చేతిలోకి వచ్చింది. ఒక మూల పసుపు మరక, పప్పుదో పులుసుదో. ఆమె ఆ ముక్కను మడిచి మిషను మీద పెట్టి, మేనత్త వైపు చూసింది.

మేనత్త చాలాసేపు ఆ ముక్కనే చూసింది. "అది కుండని మోయలేదు గదా," అంది చివరికి. "ఉండనీ."

చెంబు సంచిలో దిగింది.

"జిప్పు?" అన్నాను. "ఇప్పుడు మార్చవచ్చు కదమ్మా, సంచి ఇంట్లోనే ఉంది."

"వద్దు బావా," అంది.

తెల్లవారి అమ్మాయీ నేనూ శ్మశానం నుంచి కుండ తీసుకుని రైల్వే స్టేషన్‌కు పోయాం. ఆమె సంచిని ఎద మీదికి తగిలించుకుని జిప్ కింది కొస నుంచి లాగి మూసింది. కొత్త సంచి నా వీపున ఉంది. ఏట్లో మునిగాక కట్టుకోవలసిన పొడిబట్టలు, తువ్వాళ్లు అందులో సర్దాం. స్టేషన్ గుమ్మంలో పోలీసు, సంచులు తనిఖీ చేసే మిషను పట్టీ మీద పెట్టమని చేయి చూపాడు. నేను నాది పెట్టాను. అమ్మాయి కదలలేదు. అతను మళ్లీ చేయి చూపాడు. నేను దగ్గరికి పోయి సంగతి కన్నడలో చెప్పాను. అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని పక్కకు జరిగాడు. వెనక వాళ్లు వరస ఎందుకు ఆగిందని సణుగుతుంటే వాళ్లను ఆపాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. ఎదుటి సీట్లో ఒకావిడ, "పైన పెట్టుకోమ్మా, ఎంతసేపని మోస్తావు," అంది కన్నడలో. "పర్వాలేదు," అంది అమ్మాయి. తండ్రితో ఎక్కిన రామనగరం బండలు వచ్చినప్పుడు, ఎవరూ అడగకపోయినా, సంచిని కొంచెం కిటికీ వైపు తిప్పింది.

శ్రీరంగపట్నంలో కావేరి పడమటి వైపు తిరిగే చోట మెట్ల మీద ఆ రోజు మాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారు. పురోహితుడు చెప్పిన మంత్రం అమ్మాయి తప్పు లేకుండా అంది. నడుములోతు నీళ్లలోకి దిగి కుండను వదిలింది. నీళ్లలో అది వెంటనే మునగలేదు. ఒక చుట్టు తిరిగి, పక్కకు ఒరిగి, అప్పుడు దిగిపోయింది. సంచిని నీళ్లలో వేయవద్దని అక్కడివాళ్లు చెప్పారు. ఒడ్డు చివర విడిచిన బట్టలు, చాపలు కుప్పగా ఉన్న చోట పెట్టమన్నారు. ఆమె కుప్ప మీద వేయలేదు. పక్కన రాయి మీద నిలబెట్టింది. లోపలి అర లేకపోవడంతో అది నిలబడలేక ముందుకు వంగింది. మళ్లీ సర్దింది. మళ్లీ వంగింది.

"పద పెద్దనాన్నా," అంది.

తిరిగి చూడలేదు. నేనూ చూడలేదు.

తిరుగు రైలుకు చాలా సమయం ఉంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం. అమ్మాయికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఒళ్లో పెట్టుకుంటుంది, కట్టుకుంటుంది, మళ్లీ తీస్తుంది. మెడ పక్కన పట్టీలు ఒరుసుకున్న గీతలు ఇంకా కనబడుతున్నాయి.

మండ్య వైపు పోయే ప్యాసింజరు కోసం జనం పోగయ్యారు. వాళ్లలో ఒకతను మా ముందుగా నడిచిపోయాడు. ఖాకీ చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియరు. వీపున బూడిదరంగు సంచి. నీళ్లలోంచి వచ్చి అమ్మాయి పట్టుకున్నప్పటి తడి మరక దాని మీద ఇంకా ఆరలేదు. వెనక్కి చూడవద్దన్నారు కాబట్టి చూడలేదు. అదే మా ముందుకు నడిచి వచ్చింది.

అతను స్తంభం దగ్గర ఆగి, సంచి దించి, క్యారియరు లోపల పెట్టుకుని జిప్ పై నుంచి లాగాడు. పళ్లు విడిపోయాయి. మళ్లీ లాగాడు. కోపంగా మూడోసారి లాగబోతుంటే అమ్మాయి లేచింది.

నాకు భయం వేసింది. ఇచ్చేయమని అడుగుతుందేమో, అడిగితే అతను ఇచ్చేస్తాడేమో, ఇస్తే దాన్ని ఎక్కడికి తీసుకుపోవాలి. లేచి వెంట పోయాను.

ఆమె అతని ముందు నిలబడి కన్నడలోనే అంది, "అట్లా కాదండీ. తెగిపోతుంది. కింద నుంచి పట్టుకోండి."

అతను తల ఎత్తి చూశాడు. ఆమె తడిజుట్టు, నా గడ్డం చూసి, మా ఇద్దరి ఒంటి మీది ఏటి వాసన తగిలి అతనికి సంగతి అర్థమయినట్టుంది. చేతులు సంచి మీద నుంచి తీసేశాడు. "మీదామ్మా?" అన్నాడు మెల్లగా.

"మా నాన్నది. ఉంచుకోండి. రెండు వేళ్లతో అంచులు దగ్గరకు నొక్కండి. ఇప్పుడు లాగండి. మెల్లగా."

అతను చెప్పినట్టే చేశాడు. సగం దాకా వచ్చి ఆగింది. ఆమె ముట్టుకోలేదు. "నొక్కింది వదలకండి," అంది. చివరిదాకా వచ్చింది. ప్యాసింజరు వచ్చి ఆగేసరికి అతను సంచి తగిలించుకుని, ఎక్కబోతూ ఒకసారి మా వైపు తల వంచాడు.

ఇంటికి చేరేసరికి మేనత్త గడప బయట నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. కాళ్లు కడుక్కోమంది. "తిరిగి చూళ్లేదు గదా?" అంది.

"లేదవ్వా," అంది అమ్మాయి.

లోపల మిషను మీద ఆ అర ముక్క ఉంది. తెగిన అంచులకు చుట్టూ కుట్టు వేసి ఉంది. మరక అలాగే ఉంది. కొత్త సంచి నా వీపునే ఉంది. అందులో తడిబట్టలు తప్ప ఏమీ లేవు కాబట్టి దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

మా మరదలు కూతురికి అన్నం పెడుతూ అడిగింది. "సంచి యాడ పెట్టినావు?"

అమ్మాయి చెప్పింది. రాయి మీద పెట్టడం, అది నిలబడకపోవడం, స్టేషన్‌లో ఖాకీ చొక్కా మనిషి, అతని టిఫిన్ క్యారియరు. దాచలేదు. మరదలు వింటూ వింటూ గరిటె గిన్నెలో వదిలేసింది. ఏమంటుందో అని నేను చూస్తున్నాను.

"పనికి పోయేటోడేనా?"

"అవునమ్మా. పనికే పోతాండాడు."

మరదలు మళ్లీ గరిటె తీసుకుంది.

"జిప్పు సంగతి చెప్పినావా?"

"చెప్పినా. వేసుకునే పోయినాడు."